లైబ్రరీలో పసిపిల్లల గది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెళ్లయి పిల్లలు పుట్టాక పీజీలో చేరేవాళ్లు, పిహెచ్.డి. సగంలో ఉండగా తల్లులయ్యేవాళ్లు, పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం పుస్తకాల కోసం వచ్చే నాన్నలు మన యూనివర్సిటీల్లో కొత్తేమీ కాదు. బిడ్డను చూసుకునే మనిషి ఇంట్లో లేనిరోజు వీళ్ల చదువు ఆగిపోతుంది. అలాంటివాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి కూర్చునేలా లైబ్రరీలోనే ఒక గది ఏర్పాటు చేయడం గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా యూనివర్సిటీ లైబ్రరీలో గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత జిరాక్స్ గది ఖాళీగా పడి ఉంది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. దాన్ని పిల్లలున్న విద్యార్థులకు ఇద్దామనుకుంటున్నాం. ఎంతమంది పడతారు? ఏమేం కొనాలి? – అసిస్టెంట్ లైబ్రేరియన్, గుంటూరు జిల్లా

ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్లతో ముగ్గురు నలుగురు పిల్లలు. అంతకు మించి ఒప్పుకోకండి. నాలుగో బల్ల పడుతుంది కానీ, నాలుగో కుటుంబం వచ్చాక అది చదువుకునే గదిగా మిగలదు.

గ్రౌండ్ ఫ్లోర్ కావడం మీ అదృష్టం. పై అంతస్తులో పెడితే పిల్లలు గెంతినప్పుడల్లా ఆ దడదడ స్లాబ్ గుండా కింది రీడింగ్ హాల్లోకి దిగుతుంది. ఆ చప్పుడును చాపలతో తగ్గించగలం గానీ పూర్తిగా ఆపలేం.

అందరూ చేసే పొరపాటు బల్లల దగ్గర మొదలవుతుంది. మామూలు రీడింగ్ రూమ్ లాగే బల్లల్ని గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖం గోడవైపు ఉండేలా వేస్తారు. పిల్లలు వీపు వెనక ఉంటారు. అప్పుడు తల్లి రెండు నిమిషాలకోసారి మెడ తిప్పి చూడాలి. వెనక చప్పుడు ఆగిపోతే మరీ కంగారు, ఎందుకంటే ఇంట్లో పిల్లలున్నవాళ్లకు తెలుసు, నిశ్శబ్దంగా ఉన్నారంటే ఏదో చేస్తున్నారనే. కాబట్టి కుర్చీని గోడవైపు, బల్లను దాని ముందు వేయండి. కూర్చున్న మనిషి వీపు గోడకు, ముఖం గది మధ్యకు ఉంటుంది. పుస్తకం మీంచి కళ్లెత్తితే చాలు, బిడ్డ కనిపించాలి. ల్యాప్‌టాప్ మూత కూడా అడ్డం రాకూడదు కనుక బల్ల ఎత్తు 29 అంగుళాలు దాటనివ్వకండి.

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బల్లలు మూడు సరిపోతాయి. గది మధ్యలో 8 అడుగుల చదరంలో చాప పరవండి. 2 అడుగుల ఫోమ్ పలకలైతే 16 పడతాయి, మందం 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ పలకల అంచుల్లో ఊడివచ్చే సన్నటి పట్టీలు ఉంటాయి. పిల్లలు ముందు వాటినే పీకి నోట్లో పెట్టుకుంటారు. అవి తీసేసి, చుట్టూ వెడల్పాటి టేపు అంటించండి. కార్పెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. పాలు ఒలికినా, పిల్లలు తడిపినా ఆ వాసన ఇక వదలదు.

పుస్తకాల అర 30 అంగుళాల ఎత్తుకు మించకూడదు. పిల్లలు అరల్ని మెట్లనుకుని ఎక్కుతారు, కాబట్టి దాన్ని ఎల్-క్లాంపులతో గోడకు బిగించాల్సిందే. ప్లగ్ పాయింట్లు బల్ల ఎత్తులో ఉండాలి, లోపల షట్టర్ ఉన్న రకం వేయించాలి. ఆ గది సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉందో లేదో మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. జిరాక్స్ గది కాబట్టి నేలమీద పాత పవర్ బాక్సులు ఉండే ఉంటాయి. వాటిని మూతవేసి వదిలేయకండి, లైన్ తీయించేయండి.

తలుపుకు గాజు పలక ఉండాలి. బయటివాళ్లకు లోపల పిల్లవాడు తలుపు దగ్గరే కూర్చున్నాడో లేదో తెలియాలి. తలుపు నెట్టే వైపు కంటే కీళ్ల వైపు సందులోనే పిల్లల వేళ్లు ఎక్కువ నలుగుతాయి. ఆ సందును పై నుంచి కింది దాకా కప్పే రబ్బరు పట్టీ దొరుకుతుంది. దాని ఖర్చు ఓ కుర్చీ ధరకంటే తక్కువే. గోడల మీద కార్టూన్ బొమ్మలు వేయించే పని అన్నీ అయ్యాక, డబ్బు మిగిలితే చూసుకోండి.

ప్రశ్న: నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. మా లైబ్రరీలో పిల్లల గది తెరిచారు. మంచిదే, కాదనను. కానీ ఏడుపు మొదలైతే రీడింగ్ హాల్ చివరిదాకా వినిపిస్తోంది. అడిగితే గోడలకు ఫోమ్ అంటించాం కదా అంటున్నారు. తప్పు ఎవరిది? – ఒక అభ్యర్థి, హైదరాబాద్

తప్పు తలుపుది. మీరు ఫిర్యాదు చేయడం న్యాయమే. మీ ఫిర్యాదు ఆ గది అవసరమైనవాళ్లకూ మేలు చేస్తుంది, ఎందుకంటే ఇలాంటి గదుల్ని చాలాచోట్ల మూయించేది ఈ గొడవే.

గుడ్ల అట్టల్లాంటి ఆ ఫోమ్ చేసే పని వేరు. గది లోపల ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, లోపలున్నవాళ్లకు మాట స్పష్టంగా వినిపిస్తుంది. శబ్దం బయటికి పోకుండా ఆపే బలం దానికి లేదు. శబ్దాన్ని ఆపేవి రెండే: బరువు, సందు లేకపోవడం. ప్లాస్టరింగ్ చేసిన ఇటుక గోడకు బరువు బాగానే ఉంటుంది. సందులే కొంప ముంచుతాయి.

లెక్క చూడండి. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపు అంటే 21 చదరపు అడుగులు. దాని కింద అంగుళం సందు ఉంటే పావు చదరపు అడుగు, అంటే తలుపులో నూటికి ఒక పాలు పైన. నూటికి ఒక పాలు ఖాళీ ఉంటే, మిగతాది ఉక్కుతో చేసినా శబ్దం 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. పసిబిడ్డ గట్టిగా ఏడిస్తే దగ్గరలో 100 డెసిబెల్స్ దాకా పోతుంది. అందులోంచి 20 తీసేస్తే ఏం మిగులుతుందో మీరు వింటున్నదే.

పాత ఇళ్లల్లో తలుపు కింద గడప ఉండేది. ఈ పనిని చాలావరకు అదే చేసేది. చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు వెళ్లాలి కాబట్టి ఇప్పుడు గడప పెట్టలేం. బదులుగా తలుపు మూసినప్పుడు కిందకు జారి నేలను తాకే సీల్ దొరుకుతుంది. మిగతా మూడు వైపులా ఫ్రేమ్‌కు రబ్బర్ బీడింగ్ వేయించాలి. తలుపు కూడా బోలుగా ఉండే చవక రకం కాకుండా, లోపల గట్టి చెక్క నింపిన 35 మిల్లీమీటర్ల ఫ్లష్ డోర్ అయి ఉండాలి. వేలితో తట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

రెండో దొంగ దారి తలపైన ఉంటుంది. చాలా లైబ్రరీల్లో విభజన గోడ ఫాల్స్ సీలింగ్ వరకే కట్టి ఆపేస్తారు, స్లాబ్ దాకా ఎత్తరు. పలక ఒకటి పైకి తోసి టార్చ్ వేసి చూడమనండి. పక్క హాల్ సీలింగ్ పైభాగం కనిపించిందంటే ఏడుపు ఆ దారినే వస్తోంది. ఆ జాగాను ఇటుకతోనో, రెండు వరసల జిప్సమ్ బోర్డుతోనో స్లాబ్ దాకా మూయాలి. సెంట్రల్ ఏసీ డక్ట్ రెండు గదులకూ ఒకటే అయితే అదీ ఓ గొట్టంలా శబ్దాన్ని మోస్తుంది. ఆ గదికి విడిగా స్ప్లిట్ ఏసీ పెట్టి డక్ట్ నోరు మూయడమే మేలు.

మీ లైబ్రేరియన్‌కు ఈ పరీక్ష చెప్పండి. లైబ్రరీ మూశాక, పిల్లల గదిలో ఫోన్‌కు చిన్న స్పీకర్ తగిలించి పసిపాప ఏడుపు రికార్డింగ్ పెద్దగా పెట్టాలి. తలుపు వేసి, దగ్గరలోని రీడింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వినాలి. తర్వాత హాల్లో లైట్లు ఆర్పేసి, గది లోపల లైటు వేసి తలుపు చుట్టూ చూడాలి. వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే సందు అక్కడ ఉన్నట్టు. బీడింగ్ వేయించాక మళ్లీ ఇదే పరీక్ష చేయాలి.

ప్రశ్న: బిడ్డను ఆ గదిలో పక్కనున్న అక్కకు అప్పజెప్పి స్టాక్ రూమ్‌కు వెళ్లి పుస్తకం తెచ్చుకోవచ్చా? పది నిమిషాలే. – ఎం.ఎ. విద్యార్థిని, వరంగల్

వద్దమ్మా. ఇది క్రెష్ కాదు, ఇక్కడ ఆయా ఉండదు. బిడ్డ ఉన్నంతసేపూ బిడ్డ తాలూకు పెద్దమనిషి గదిలో ఉండాలన్నది ఈ ఏర్పాటుకు మూలం. ఆ అక్కకూ ఒక బిడ్డ ఉంది, మీ బిడ్డ ఏడ్వగానే ఆవిడ చదువు ఆగిపోతుంది.

అయితే మీ ఇబ్బందికి మందు వేయాల్సింది లైబ్రరీయే. ఆ గది వాడుతున్నవాళ్లు కాల్ నంబర్ (పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే నంబరు) రాసిచ్చినా, ఫోన్ చేసినా ఇష్యూ కౌంటర్ నుంచి పుస్తకం గదికే తెచ్చివ్వాలి. ముందురోజే చెప్పి పక్కన పెట్టించుకునే వీలూ ఉండాలి. ఈ ఒక్క సౌకర్యం లేకపోతే ఆ గది సగం పనికిరానట్టే. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తే బిడ్డను వెంట తీసుకెళ్లండి. దగ్గరి టాయిలెట్‌లో బిడ్డను కూర్చోబెట్టి బెల్టు పెట్టే మడత కుర్చీ గోడకు బిగించమని అడగండి.

ప్రశ్న: మా పాప ఉయ్యాల్లో తప్ప నిద్రపోదు. గదిలో ఫ్యాన్ కొక్కెం ఉంది. చీర ఉయ్యాల కట్టుకుంటానంటే లైబ్రరీవాళ్లు వద్దన్నారు. ఇంట్లో అందరం అలాగే పెరిగాం కదా? – పరిశోధక విద్యార్థిని, తిరుపతి

వాళ్లు వద్దన్నది సబబే. ఇంట్లో కట్టే ఉయ్యాల దగ్గర ఒక మనిషి కూర్చుంటుంది, మిగతా పిల్లల్ని అటు రానివ్వదు. ఇక్కడ పక్క కుటుంబం నాలుగేళ్లవాడు దాన్ని ఊయలగా ఊగుతాడు, చుట్టూ తిరిగి మెలిపెడతాడు. చీర మెలిపడి మెడకు చుట్టుకుని పెద్ద పిల్లలు ప్రాణాపాయంలో పడ్డ సంఘటనలు మన దేశంలో కొత్త కాదు. పైగా ఫ్యాన్ కొక్కెం నిలకడగా వేలాడే బరువు కోసం వేసింది, ఊగే బరువు కోసం కాదు.

గదిలో గట్టి పరుపుతో చిన్న మంచం ఒకటి ఉంటే మంచిది. దాని ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు, లేకపోతే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు, బొంత, మెత్తటి బొమ్మలు మంచంలో వద్దు. ఉయ్యాలకు అలవాటుపడ్డ పాప మొదటి వారం గోల చేస్తుంది. ఆ వారం కష్టమైన అధ్యాయం జోలికి పోకండి.

ప్రశ్న: గదికి బొమ్మలు కొనే పని నాకు అప్పగించారు. ఏటికొప్పాక బొమ్మలు, లక్కపిడతలు, గవ్వలు, చింతపిక్కలు పెట్టి మన సంప్రదాయం కనిపించేలా చేద్దామనుకున్నాను. ఏమంటారు? – లైబ్రరీ ఉద్యోగి, విశాఖపట్నం

ఏటికొప్పాక బొమ్మలు చాలా బాగుంటాయి. అంకుడు కర్రను తిప్పుతూ లక్కతో, సహజ రంగులతో మెరుగు పెడతారు కాబట్టి అంచులు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తి బొమ్మలకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి వాటి మీద ముద్ర లేదని మీ ఆడిట్‌వాళ్లు అభ్యంతరం పెడితే ఈ మాట చెప్పండి. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ బొమ్మలకు మాత్రం ముద్ర చూసి తీరాలి.

కొండపల్లి బొమ్మలు ఇక్కడ వద్దు. తెల్ల పొణికి కర్ర తేలిక, చేతులూ కాళ్లూ విడిగా అతికించినవి. అవి అద్దాల బీరువాలో అందం, పిల్లల నోట్లో కాదు.

గవ్వలు, చింతపిక్కలు, గోళీలు పూర్తిగా తీసేయండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ఏ వస్తువైనా గొంతుకు అడ్డం పడొచ్చు. గవ్వ, పిక్క, గోళీ మూడూ అందులోంచి జారిపోతాయి. చిన్న లక్కపిడతల సెట్లోనూ మూతలు, గరిటెలు ఇంతకంటే చిన్నవే ఉంటాయి. పెద్ద సైజువి తీసుకోండి, లేదా ఐదేళ్లు దాటినవాళ్ల కోసం మూత పెట్టిన డబ్బాలో కౌంటర్ దగ్గర ఉంచి అడిగినవాళ్లకే ఇవ్వండి. బటన్ బ్యాటరీ ఉన్నదేదీ గదిలోకి రానివ్వకండి. అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అరిచే బొమ్మ, వెలిగే బొమ్మ అంటూ విరాళంగా వచ్చేవాటిలో ఇవే ఎక్కువ. మొహమాటపడి తీసుకోకండి.

లైబ్రరీ కాబట్టి చప్పుడు కూడా చూసుకోవాలి. గిలక్కాయలు, కర్ర దిమ్మెలు, చక్రాల బండ్లు వద్దు. గుడ్డ బంతులు, మందపాటి అట్ట పుస్తకాలు, పెద్ద ముక్కల పజిళ్లు, అయస్కాంతం లేని రాసి చెరిపే పలకలు, మైనపు క్రేయాన్లు చాలు. పుస్తకాలు ఓ యాభై ఉంటే నెలల తరబడి సరిపోతాయి. ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వేసినవి తెలుగులో దొరుకుతాయి. వీటికి యాక్సెషన్ నంబర్లు (లైబ్రరీ రిజిస్టర్‌లో ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరస నంబర్లు) వేసి స్టాక్‌లో చూపకండి. చిరిగిపోయే పుస్తకాన్ని స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్క చెప్పలేక, చివరికి అద్దాల వెనక దాచేస్తారు. వాడి పారేసే సామాను ఖాతా కింద కొనండి.

ప్రశ్న: రోజూ గది శుభ్రం చేసేది మేమే. ఫినాయిల్ వేసి తుడిస్తే ఓ తల్లి గొడవపడింది. మరి దేనితో తుడవాలి? – అటెండర్, కర్నూలు జిల్లా

ఆమె భయపడింది పిల్లలు ఆ నేలమీదే పాకుతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారనే. రోజూ నేలకు సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు చాలు.

గదిలో మూత ఉన్న బుట్ట ఒకటి పెట్టి ‘నోట్లో పెట్టిన బొమ్మలు’ అని రాయండి. తల్లులు ఆ బొమ్మల్ని అందులో వేస్తారు. సాయంత్రం వాటిని ముందు సబ్బుతో కడగండి, ఆ తర్వాతే బ్లీచ్. జిడ్డు, ఎంగిలి ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉంటే, లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు కలపండి. పది నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఎవరైనా వాంతి, విరేచనం చేసుకుంటే చేతి తొడుగులు వేసుకుని ముందు కాగితంతో తీసేసి, తర్వాత ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి అక్కడ పోయండి. కలిపిన నీళ్లు ఆరోజుకే పనికొస్తాయి, మర్నాటికి బలం ఉండదు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్‌ను ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

డైపర్లకు కాలితో తొక్కి తెరిచే మూత డబ్బా పెట్టండి. కాగితంలో చుట్టి వేయమని గోడమీద రాయండి, తడి చెత్తలో కలపనివ్వకండి, రోజుకు రెండుసార్లు ఖాళీ చేయండి. చేతులకు శానిటైజర్ సీసా చాలదు, కొన్ని రకాల విరేచనాల క్రిములు దానికి లొంగవు. సబ్బు, కుళాయి దగ్గరలో ఉండాలి. ఇవన్నీ ఇప్పటిదాకా చేస్తున్న పనికి అదనం. రోజుకు ముప్పావు గంట ఈ గదికే అని మీ డ్యూటీ చార్టులో రాయించుకోండి.

ప్రశ్న: నేను తండ్రిని. భార్య నైట్ డ్యూటీ నర్సు. పగలు బాబుతో లైబ్రరీకి వెళ్తే ‘తల్లుల గది’ అన్న బోర్డు చూసి వెనక్కి వచ్చాను. – పిహెచ్.డి. విద్యార్థి, హైదరాబాద్

బోర్డు మార్చమని అర్జీ పెట్టండి. ‘కుటుంబ పఠన గది’ అంటే సరిపోతుంది. పాలిచ్చే తల్లులకు మరుగు కావాలనే ఆ పేరు పెట్టి ఉంటారు. దానికి ఒక మూల పైకప్పు నుంచి తెర వేసి, వెనక చేతులున్న కుర్చీ, పాలు తీసే పంపు కోసం ప్లగ్ ఒకటి ఇస్తే మరుగు దొరుకుతుంది, మీరూ గదిలో ఉండొచ్చు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు నాలుగు గంటలు నిలుస్తాయి. మన ఎండాకాలంలో బయట అంతసేపు నమ్మొద్దు, ఫ్రిజ్ కావాలి. డైపర్ మార్చే బల్ల కూడా ఆడవాళ్ల టాయిలెట్‌లో కాకుండా ఈ గదిలోనే ఉండాలని ఆ అర్జీలోనే రాయండి.

ప్రశ్న: నాకు ఐదు నెలల బాబు. గది సంగతి తర్వాత, అసలు నిబంధనల ప్రకారం నాకు రావాల్సినవేమిటి? క్యాంపస్‌లో క్రెష్ ఉంది కానీ ఉద్యోగుల పిల్లలకే అంటున్నారు. – పరిశోధక విద్యార్థిని, అనంతపురం

2022 యూజీసీ పిహెచ్.డి. నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు కోర్సు మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. గడువు మామూలుగా 6 ఏళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు, మహిళలకు దానిపైన ఇంకో 2 ఏళ్లు సడలింపు, మొత్తం 10 ఏళ్లకు మించకుండా. సెలవు ఒకేసారి ఖర్చుపెట్టకుండా, థీసిస్ రాసే దశకు కొంత మిగుల్చుకోగలరేమో మీ గైడ్‌తో, పిహెచ్.డి. సెక్షన్‌తో మాట్లాడి కాగితం మీద తీసుకోండి. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు నిబంధనలు చేసుకోమని 2021 డిసెంబరులో యూజీసీ యూనివర్సిటీలకు రాసింది.

క్రెష్ సంగతి వేరు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలంది. అది ఉద్యోగుల కోసం చేసినది, విద్యార్థులు దాని పరిధిలో లేరు. అలాగని విద్యార్థుల పిల్లల్ని చేర్చుకోకూడదని ఏమీ లేదు. ఖాళీలుంటే రుసుము తీసుకుని ఇవ్వమని రిజిస్ట్రార్‌కు రాయండి. అర్జీ మీరొక్కరే పెట్టకుండా, పిల్లలున్న స్కాలర్లు ఎంతమంది ఉన్నారో వయసులతో సహా పట్టిక జతచేసి పెట్టండి. అంకెలున్న ఫైలు కదులుతుంది.

ప్రశ్న: రెండున్నరేళ్ల పాపతో ఆ గదిలో రెండు గంటలు కూర్చుంటే రెండు పేజీలు కూడా చదవలేకపోయాను. ఇదంతా దండగా? – బి.ఇడి. విద్యార్థిని, ఖమ్మం

రెండు గంటల్లో మీకు దొరికే చదువు నలభై నిమిషాలు, అదీ ముక్కలుగా. ఆ లెక్కతో వెళ్తే నిరాశ ఉండదు.

ఈ గదికి తగ్గ పని వేరే ఉంటుంది. లెసన్ ప్లాన్ సాఫుగా రాసుకోవడం, నోట్సుకు అండర్‌లైన్లు, చార్టులకు కొలతలు, పాత ప్రశ్నపత్రాలు సర్దుకోవడం లాంటివి మధ్యలో ఆగినా దారం తెగవు. కొత్త సిద్ధాంతం అర్థం చేసుకునే పని పాప నిద్రపోయాక పెట్టుకోండి. వీలైతే ల్యాప్‌టాప్ తీయకండి. మీటలు కనిపిస్తే పాప మీ ఒళ్లోకే వస్తుంది, కాగితాల దగ్గర అంత ఆశ ఉండదు.

వెళ్లగానే పుస్తకం తెరవకండి. మొదటి పావుగంట చాప మీద పాపతో కూర్చోండి. కొత్త చోటు కాబట్టి ముందు మీరు కదలకుండా ఉన్నారని తనకు నమ్మకం కలగాలి. ఆ తర్వాత లేచి బల్ల దగ్గరకు వెళ్తే వెంటపడదు. బొమ్మలన్నీ ఒకేసారి పరవకుండా మూడు విడతలుగా ఇవ్వండి. మధ్యాహ్నం తిని పడుకునే వేళకు స్లాట్ బుక్ చేసుకుంటే గంట నిద్ర మీదే. తినడానికి అరటిపండు, మెత్తటి ఇడ్లీ లాంటివి తీసుకెళ్లండి. వేరుశనగ పప్పులు, పాప్‌కార్న్ ఈ వయసుకు వద్దు, గొంతులోకి పోతే ప్రమాదం. ముక్కలు కింద పడితే చీమలు, ఎలుకలు వస్తాయి, లైబ్రరీలో అది ఇంకో తలనొప్పి.

ప్రశ్న: విదేశాల్లో ఎలా చేస్తున్నారు? – లైబ్రరీ సైన్స్ విద్యార్థి, విజయవాడ

కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయపు రోబార్ట్స్ లైబ్రరీలో, అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో కుటుంబాల కోసం విడిగా చదువుకునే చోట్లు ఉన్నాయి. గది లేనిచోట ఏం చేయాలో చూపింది మాత్రం ఒక ప్రజా గ్రంథాలయం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హెన్రికో కౌంటీలో 2019లో తెరిచిన ఫెయిర్‌ఫీల్డ్ లైబ్రరీలో కంప్యూటర్ బల్లకే పక్కన పసిపిల్లలు ఆడుకునేందుకు మెత్తటి గోడల చిన్న తొట్టి కలిపి చేయించారు. పెద్దవాళ్లు టైపు చేస్తుంటే పసిబిడ్డ అదే ఎత్తులో, చేయి చాస్తే అందేంత దూరంలో ఆడుకుంటుంది. 2022 జనవరిలో దాని ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మన వడ్రంగి దాన్ని చేయగలడు. అంచులన్నీ గుండ్రంగా తీయాలి, లోపలి గోడ ఎత్తు 2 అడుగులు ఉండాలి, దిండ్ల మీద కడగగలిగే రెక్సిన్ వేయాలి. మందమైన బల్ల కాళ్లను నేలకు బిగించాలి. నిలబడి పట్టుకుని ఊపే వయసు దాటిన పిల్లలకు ఇది సరిపోదు, నడక వచ్చేదాకే దీని ఉపయోగం.

ప్రశ్న: గది సిద్ధమైంది. ‘ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?’ అని కమిటీలో ఫైలు ఆగింది. హామీపత్రం తీసుకుంటే సరిపోతుందా? బుకింగ్ ఎలా పెట్టాలి? – డిప్యూటీ లైబ్రేరియన్, హైదరాబాద్

హామీపత్రం తీసుకోండి. ఏడాదికోసారి, ఒక పేజీలో, తెలుగులో. బిడ్డ ఉన్నంతసేపూ గదిలోనే ఉంటాననీ, జ్వరం, విరేచనాలు ఉన్నరోజు తీసుకురాననీ అందులో ఉండాలి. కానీ పుస్తకాల అరను గోడకు బిగించకపోవడం, ప్లగ్ ఊడి వేలాడటం లైబ్రరీ తప్పులే. తల్లి సంతకం వాటిని కడిగేయదు. కాబట్టి ప్రతి సోమవారం ఉదయం తనిఖీకి ఒక కాగితం పెట్టండి. క్లాంపులు, ప్లగ్గులు, తలుపు కీళ్ల పట్టీ, చాప అంచులు, విరిగిన బొమ్మలు, మంచం ఊచలు. చూసినవాళ్లు తేదీ వేసి సంతకం చేయాలి. కమిటీ అడిగే బాధ్యతకు జవాబు ఈ కాగితమే.

స్లాట్ రెండు గంటలు. 20 నిమిషాలు చూసి రాకపోతే తర్వాతివాళ్లకు ఇచ్చేయండి. తాళంచెవి కౌంటర్‌లో గుర్తింపు కార్డు పెట్టి తీసుకోవాలి. తాళం బయటినుంచి వేసేదే ఉండాలి, లోపలి గడియ తీసేయించండి. లేకపోతే మూడేళ్ల పిల్లవాడు లోపల గడియ పెట్టేసుకుంటాడు, తల్లి బయట నిలబడుతుంది. పిల్లల పేర్లు రిజిస్టర్‌లో అక్కర్లేదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, పిల్లల వయసు చాలు. వచ్చే ఏడాది బడ్జెట్ అడిగేటప్పుడు ఆ మూడు గళ్లే పనికొస్తాయి.

గోడమీద 108 (అంబులెన్స్), 1098 (పిల్లల సహాయ లైన్) నంబర్లు, దగ్గరి హెల్త్ సెంటర్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి లైబ్రరీ మూసేముందు సెక్యూరిటీ మనిషి తలుపు గాజులోంచి చూసి వెళ్లిపోకుండా లోపలికి వెళ్లి, తెర వెనక, బల్లల కింద చూసి తాళం వేయాలి. దాగుడుమూతలాడే పిల్లలు బయటికి కనిపించే చోట కూర్చోరు.